లేక్ ఫోర్క్‌లో 18 అంగుళాల బాస్‌కి టికెట్ ఎందుకు పడింది?

టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ చెరువులో పట్టిన 18 అంగుళాల బాస్ చేపని ఉంచుకుంటే, లైసెన్స్ ఉన్నా టికెట్ (జరిమానా నోటీసు) ఎందుకు పడిందని అడిగారు. మీ లైసెన్స్‌లో తప్పు లేదు. లార్జ్‌మౌత్ బాస్ (బాస్‌లో ఒక రకం) 14 అంగుళాలు, ఆపైన ఉంటే ఉంచుకోవచ్చన్నది టెక్సాస్ మొత్తానికి ఉన్న రూలు. లేక్ ఫోర్క్‌కి ఈ చేప విషయంలో వేరే రూలు ఉంది: 16 అంగుళాలు, అంతకు తక్కువైతే ఉంచుకోవచ్చు, 24, ఆపైన ఉన్నది రోజుకి ఒక్కటే. మధ్య సైజుదేదైనా వెంటనే నీళ్లలోకి వదిలేయాలి. మీ 18 అంగుళాల చేప సరిగ్గా ఆ మధ్యలో పడింది.

ఇకమీదట ఇలా చేయండి:

1. అవుట్‌డోర్ యాన్యువల్ యాప్‌లో (టెక్సాస్ చేపల వేట రూల్స్ ఉండే యాప్) చేప పేరు చూసి ఆగిపోకండి. చెరువు పేరుతో కూడా వెతకండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. చెరువుకి ప్రత్యేక రూలుంటే అదే చెల్లుతుంది, రాష్ట్ర రూలు కాదు.

2. కొలిచేటప్పుడు చేప నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి, బల్లపరుపుగా పెట్టి కొలవండి. తోక విప్పి కొలిస్తే లెక్క తేడా వస్తుంది.

3. పాత స్క్రీన్‌షాట్లు నమ్మొద్దు. ఉదాహరణకి ఛానెల్, బ్లూ రకాల క్యాట్‌ఫిష్‌కి 12 అంగుళాల కనీస సైజు 2021 సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్ర రూల్లో లేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా అదే తిరుగుతోంది!

4. ఏడాది మధ్యలో కొన్న మామూలు లైసెన్స్ అయినా ఆగస్టు 31తో అయిపోతుంది. అదీ చూసుకోండి.

టికెట్‌ని మాత్రం పక్కన పడేయకండి. దాని మీదున్న తేదీలోపు ఆ కోర్టుకి జవాబివ్వండి.