ఆరతి సాహాలా ఈదుతానంటోంది... చదువు సంగతేంటి?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. జిల్లా ఈత పోటీల్లో పతకాలు గెలిచింది. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సముద్రమైన ఇంగ్లిష్ చానెల్‌ను ఈదిన ఆరతి సాహా గురించి చదివినప్పటి నుంచి తానూ ఈదుతానంటోంది. వచ్చే ఏడాది టెన్త్, ఈత మాన్పించమని బంధువులు చెబుతున్నారు. ఏం చేయాలి? – ఒక తండ్రి

జవాబు: మాన్పించకండి. అలాగని చదువు పక్కన పెట్టనివ్వకండి. మీ అమ్మాయికి నచ్చిన ఆరతి జీవితాన్నే మీరూ కాస్త వివరంగా చూస్తే టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

ఆరతి 1940లో కలకత్తాలో పుట్టారు. రెండేళ్లు దాటాయో లేదో తల్లి పోయింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్రెస్ట్ స్ట్రోక్‌లో పోటీ పడేనాటికి వయసు 11. హీట్స్ (తొలి వడపోత పోటీలు) దాటలేదు. అక్కడితో ఈత ఆగలేదన్నది మీరు గమనించాల్సిన విషయం.

1959 ఆగస్టు 27న చానెల్‌లో దిగారు. దారి చూపాల్సిన పడవ ఆలస్యంగా రావడంతో అనుకూలమైన ప్రవాహం చేజారింది. ఇంగ్లండ్ తీరం కొన్ని మైళ్ల దూరంలోకి వచ్చాక ఎదురు ప్రవాహం ఎక్కువై ఆపేయాల్సి వచ్చింది. నెల రోజులు దాటగానే, సెప్టెంబర్ 29న, మళ్లీ ఫ్రాన్స్ ఒడ్డున కేప్ గ్రీ నే దగ్గర దిగి 16 గంటల 20 నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరారు. అక్కడ చానెల్ వెడల్పు 21 మైళ్లే అయినా, ప్రవాహాలు పక్కకు నెట్టేయడంతో ఆమె ఈదింది 42 మైళ్లు. చానెల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆమే. 1960లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం అందుకున్న తొలి భారతీయ క్రీడాకారిణి కూడా ఆమే. అప్పటికి నిండా ఇరవై ఏళ్లు లేవు! ఇంటర్ చదివారు, రైల్వేలో ఉద్యోగం చేశారు.

ఆ ఉద్యోగం దారి ఇప్పటికీ ఉంది. రైల్వే స్పోర్ట్స్ కోటాకు 18 ఏళ్లు నిండాలి. జిల్లా పతకాలు సరిపోవు, జాతీయ స్థాయి ఫలితాలు చూస్తారు. ఏ స్థాయి పోస్టు అన్నది చదువును బట్టి ఉంటుంది: కొన్నింటికి ఇంటర్, పై వాటికి డిగ్రీ. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమాకూ సాధారణంగా డిగ్రీ కావాలి. ఫిజియోథెరపీ, వ్యాయామ ఉపాధ్యాయ వృత్తి కూడా ఈత తెలిసినవాళ్లకు బాగా నప్పుతాయి. చదువు మానేస్తే ఇవన్నీ మూసుకుపోతాయని అమ్మాయికి మీరే నెమ్మదిగా చెప్పండి. బంధువుల నోట వింటే మొండికేస్తుంది.

ఇక చానెల్ మాట. ఒంటరిగా ఈదడానికి 16 ఏళ్లు నిండాలి. దానికి ముందు 16 డిగ్రీలకు మించని చల్లని నీటిలో ఆరు గంటలు ఆగకుండా ఈది చూపించాలి. చలిని ఆపే వెట్‌సూట్ (రబ్బరు దుస్తులు) వేసుకోనివ్వరు. పడవ, ప్రయాణం, బస కలిపితే ఖర్చు లక్షల్లోనే. కాబట్టి ఇప్పుడే తొందర పడాల్సిన పని లేదు.

ప్రస్తుతానికి పతకాలు లెక్కపెట్టకండి. గడిచిన రెండు సీజన్లలో ఆమె టైమింగ్స్ ఎలా మారాయో కోచ్‌ను అడిగి రాయించుకోండి. ఈదడానికి పట్టే సమయం తగ్గుతూ వస్తుంటే రాష్ట్ర, జాతీయ పోటీలకు పంపండి. టెన్త్ పరీక్షలకు ముందు రెండు మూడు నెలలు సాయంత్రం ప్రాక్టీస్ తగ్గించి, ఉదయంది ఉంచమనండి. పూర్తిగా ఆపితే ఒంట్లో పట్టు తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది.