ఓటేసి ఇన్నేళ్లయినా బ్రిటన్‌లో ఆ గొడవ తెగదేం?

గత సంచికలో బ్రెగ్జిట్ మీద, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం మీద, నాలుగు లైన్లు రాస్తే ఊహించనన్ని ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటివి కలిపేసి కొన్నిటికి జవాబులిస్తున్నాను.

ప్రశ్న: యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చి బ్రిటన్ బాగుపడిందా, చెడిందా? టీవీలో ఒకాయన సర్వనాశనం అంటాడు, ఇంకొకాయన అంతా సవ్యమే అంటాడు. ఒక్క ముక్కలో చెప్పండి. (రిటైర్డ్ లెక్చరర్, తెనాలి)

జవాబు: ఒక్క ముక్కలో అంటే నష్టపోయింది మాస్టారూ. కాకపోతే కుప్పకూలలేదు, అందుకే వాదన తెగడం లేదు.

2016 జూన్ 23న ఓటింగ్ జరిగితే పోదామన్నవాళ్లు 51.9 శాతం, ఉందామన్నవాళ్లు 48.1. ఓటుకి ముందు అక్కడి ఆర్థిక శాఖ, పోదామని ఓటేస్తే చాలు వెంటనే మాంద్యం వస్తుందని హెచ్చరించింది. రాలేదు. పౌండు మాత్రం ఆ రాత్రికి రాత్రే డాలరుతో పోలిస్తే 1985 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి జారింది, దిగుమతి సరుకుల రేట్లు పెరిగాయి, కానీ జనం భయపడినట్టు ఉద్యోగాలు ఊడిపోలేదు. దాంతో బ్రెగ్జిట్ వాళ్లకి మంచి ఆయుధం దొరికింది. ఇప్పుడు ఎవరు ఏ లెక్క చూపించినా 'అప్పుడూ ఇలాగే బెదిరించారుగా' అంటారు, ఆ మాటకి చాలామంది తలూపుతారు కూడా.

అసలు దెబ్బ మెల్లగా తగిలింది. 2020 జనవరి 31న పేరుకి బయటికొచ్చారు, పాత రూల్స్ ఆ ఏడాది చివరిదాకా నడిచాయి, మార్పు 2021 జనవరి 1 నుంచి మొదలైంది. యూరప్‌తో కుదిరిన ఒప్పందంలో సుంకాలు లేవు, నిజమే. కానీ కాగితాలు వచ్చిపడ్డాయి. మాంసం, చేపలు, పాల సరుకులు పంపాలంటే హెల్త్ సర్టిఫికెట్, కస్టమ్స్ డిక్లరేషన్, సరుకు ఎక్కడ తయారైందో రుజువు. పెద్ద కంపెనీ అయితే దీనికి మనుషుల్ని పెట్టుకుంటుంది, వారానికి నాలుగు పెట్టెలు పంపుకునే చిన్నవాడు ఏం చేస్తాడు? చాలామంది యూరప్ ఆర్డర్లే మానేసుకున్నారు. స్కాట్లాండ్ సముద్రపు సరుకు అమ్మేవాళ్లయితే ఆ జనవరిలోనే లారీలు వేసుకుని లండన్‌లో ప్రభుత్వ ఆఫీసుల ముందుకొచ్చి నిరసన చేశారు.

ప్రభుత్వ బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ, ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ, యూనియన్‌లో ఉండి ఉంటే వచ్చేదానికంటే దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువ ఉంటుందని లెక్కేసింది. ఇక్కడే చిక్కు. 'ఉండి ఉంటే' అన్న బ్రిటన్ ఎవరి కంటికీ కనపడదు, మధ్యలో కొవిడ్, ఉక్రెయిన్ యుద్ధం వచ్చిపడ్డాయి, ఏది దేని వల్ల అని విడదీసి ఓటరు చేతిలో పెట్టే ఆర్థికవేత్త ఇంకా పుట్టలేదు. నేను మాత్రం ఆ 4 శాతం వైపే మొగ్గుతాను. పక్కనే ఉన్న అతి పెద్ద మార్కెట్‌కి అడ్డుగోడ కట్టుకుని వ్యాపారం పెరగాలంటే ఎలా పెరుగుతుంది?

ప్రశ్న: బస్సు మీద రాసిన అబద్ధంతోనే గెలిచారంటారు. జనం మోసపోయారా? (జర్నలిజం విద్యార్థి, వరంగల్)

జవాబు: యూనియన్‌కి వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నాం, ఆ డబ్బు మన ప్రభుత్వ ఆసుపత్రులకి పెడదాం అని ఎర్ర బస్సు మీద రాసి ఊరూరా తిప్పారు. 1984లో అప్పటి ప్రధాని థాచర్ సాధించిన రిబేటును, అంటే యూనియన్‌కి కట్టేదాంట్లో తగ్గింపును, ముందే కోసుకునేవాళ్లు కాబట్టి అంత సొమ్ము అసలు గడప దాటేదే కాదు. అక్కడి గణాంకాల అథారిటీ కూడా ఇది తప్పుదారి పట్టించే లెక్కేనని చెప్పింది.

అయినా కోటీ 74 లక్షల మంది బస్సు చూసే ఓటేశారంటే నేను నమ్మను. మా చట్టాలు మేమే చేసుకోవాలి, ఎవరు రావాలో మేమే తేల్చుకోవాలి అన్నది చాలామంది మనసులోని మాట, దానికోసం కొంత నష్టమైనా పర్లేదనుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లని తెలివితక్కువవాళ్లుగా కొట్టిపారేయడం నాకు నచ్చదు. తప్పు ప్రశ్నలో ఉంది. 'ఉందామా, పోదామా' అని అడిగారే తప్ప, పోతే ఎలా పోవాలో అడగలేదు. నార్వేలా సింగిల్ మార్కెట్‌లో, అంటే యూరప్ దేశాలన్నీ ఒకే రూల్స్‌తో అడ్డుల్లేకుండా వ్యాపారం చేసుకునే ఏర్పాటులో, ఉంటూ పోవచ్చు, పూర్తిగా తెంచుకుని పోవచ్చు. అది తేలకే పార్లమెంటు అప్పటి ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని 2019లో మూడుసార్లు తిప్పికొట్టింది, ఆవిడ పదవే పోయింది.

ప్రశ్న: మన రాష్ట్ర విభజన, ఇదీ ఒకటే కదా సార్? (నల్గొండ)

జవాబు: కాదండీ. 2014 జూన్ 2 తర్వాత కూడా కోదాడ నుంచి జగ్గయ్యపేటకి లారీ వెళ్తే కస్టమ్స్ ఉండదు. అదే రూపాయి, అదే పార్లమెంటు. మన తగాదా నీళ్లు, ఆస్తులు, రాజధాని మీద.

అక్కడ సరిహద్దు తలనొప్పి ఉత్తర ఐర్లాండ్‌ది. అది బ్రిటన్‌లో భాగం, దాని పక్కనే నేల సరిహద్దుతో ఉన్న ఐర్లాండ్ దేశం యూనియన్‌లోనే ఉంది. 1998 శాంతి ఒప్పందం తర్వాత ఐర్లాండ్ సరిహద్దులో మళ్లీ చెక్‌పోస్టులు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు, అందుకని తనిఖీలు సముద్రం మీదికి మార్చారు. అంటే బ్రిటన్ నుంచి బ్రిటన్‌లోని భాగానికే సరుకు పంపాలన్నా ఫారాలు! 2023లో విండ్సర్ ఒప్పందంతో కొంత తగ్గించారు గానీ పూర్తిగా పోలేదు.

ప్రశ్న: మళ్లీ చేరతారా? (విశాఖపట్నం)

జవాబు: దగ్గర్లో నాకు కనపడటం లేదు. తప్పు చేశామనేవాళ్లే సర్వేల్లో ఎక్కువ, కానీ లేబర్ పార్టీ 2024లో గెలిచింది కూడా సింగిల్ మార్కెట్‌లోకి, కస్టమ్స్ యూనియన్‌లోకి (సభ్య దేశాల మధ్య సుంకాలు లేకుండా, బయటివాళ్లకి ఒకే సుంకం వేసే ఏర్పాటు) తిరిగి వెళ్లబోమని చెప్పే. చేరాలన్నా సభ్య దేశాలన్నీ ఒప్పుకోవాలి, పాత రిబేటు మళ్లీ ఇస్తారనుకోవడం అత్యాశ. 2025 మేలో ఆహార తనిఖీలు తగ్గించుకుందామని ఒక అవగాహనకి వచ్చారు, బదులుగా యూరప్ పడవలు బ్రిటన్ నీళ్లలో 2038 దాకా చేపలు పట్టుకోవచ్చు. మా చేపలు మాకే అని ఓటేసిన రేవు ఊళ్లు మండిపడ్డాయి.

ప్రశ్న: మా అబ్బాయి మాస్టర్స్‌కి ఇంగ్లండ్ వెళ్తానంటున్నాడు. బ్రెగ్జిట్ వల్ల మనవాళ్లకి మేలంటారు, నిజమా? నాకు టెన్షన్‌గా ఉంది. (గృహిణి, కరీంనగర్)

జవాబు: సగం నిజమమ్మా. 2021 నుంచి యూరప్‌వాళ్లకీ మనకీ ఒకే వీసా రూల్, ఆ ఏడాదే చదువయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకునే గ్రాడ్యుయేట్ రూట్ మొదలైంది. మన పిల్లలు బాగా వెళ్లారు. కానీ ఒక సంగతి గమనించండి, మనకి వీసా ఇవ్వాలా వద్దా అన్నది యూనియన్‌లో ఉన్నప్పుడూ లండన్ చేతిలోనే ఉండేది. ఇలాంటి సౌకర్యాన్నే 2012లో తీసేసింది వాళ్ల ప్రభుత్వమే. ఇప్పుడూ బిగిస్తున్నారు. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్లు భార్యాపిల్లల్ని తీసుకెళ్లలేరు, ఆ రెండేళ్లని ఏడాదిన్నరకి కుదిస్తామని ప్రకటించారు, ఉద్యోగ వీసాకి కావాల్సిన జీతం 2025 జూలైలో 41,700 పౌండ్లకి పెంచారు. చదువయ్యేవాళ్లకి కొన్ని సడలింపులున్నాయి, అయినా ఉద్యోగం తప్పకుండా వస్తుందన్న కన్సల్టెన్సీ మాట నమ్మి పొలం తాకట్టు పెట్టకండి. అప్పు అక్కడి జీతంతో కాదు, ఇక్కడి జీతంతో తీరుతుందా అని లెక్కేసుకోండి.

ప్రశ్న: బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది కదా, మా వనామీ రొయ్యలకి రేటు పెరుగుతుందా? (రొయ్యల రైతు, భీమవరం)

జవాబు: 2025 జూలై 24న సంతకాలైన ఒప్పందంలో మన రొయ్యల మీద సుంకం తీసేయడానికి బ్రిటన్ ఒప్పుకుంది. యూనియన్‌లో ఉండి ఉంటే బ్రిటన్ ఒంటరిగా మనతో ఈ సంతకం పెట్టగలిగేది కాదు, కాబట్టి ఇది బ్రెగ్జిట్ ఫలమే అనాలి. అయితే ఈ ఒప్పందం వల్ల దీర్ఘకాలంలో తమ జీడీపీ 0.1 శాతం చిల్లర పెరుగుతుందని వాళ్ల ప్రభుత్వమే అంచనా వేసుకుంది. పైన చెప్పిన 4 పక్కన దీన్ని పెట్టి చూడండి. ఇక మీ సంగతికొస్తే, మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాది, అక్కడి సుంకం కదిలితే చెరువు గట్టు మీద కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి ఇచ్చే ధర) కదులుతుంది. బ్రిటన్ ఒక్కటే దాన్ని నిలబెట్టలేదు. మీ సరుకు కొనే ప్లాంట్‌కి బ్రిటన్ ఆర్డర్లు ఉన్నాయేమో ముందు కనుక్కోండి, లేకపోతే ఆ తగ్గిన సుంకంలో పైసా కూడా మీ దాకా రాదు.