జెండా పైదాకా వెళ్లింది కానీ తాడు లాగితే విచ్చుకోలేదు: సమాధానం

ముఖ్యమైన తప్పు ముడిలో ఉంది. పిల్లవాడు లాగినప్పుడు జెండా విచ్చుకోకుండా చుట్టి కట్టిన మూట మొత్తం కిందికి జారిందని మీరు రాశారు. అంటే మూట చుట్టూ తిప్పిన తాడు కొసను ఆ చుట్ల కిందనుంచి పూర్తిగా దూర్చేసి ఉంటారు. అక్కడ ఉండాల్సింది లాగగానే విడిపోయే జారుముడి.

1. జెండాను పొడవునా సన్నగా మడిచి, ఎగిరే కొస నుంచి తాడు కట్టే అంచు వైపు చుట్టండి.

2. పై మూల పై తాడుకే కట్టారా? తలకిందులుగా ఎగిరితే పిల్లలు ఎంతో చిన్నబుచ్చుకుంటారు. రెండోసారి చూడండి.

3. కింది తాడును మూట చుట్టూ రెండు చుట్లు తిప్పండి. బిగించొద్దు.

4. అదే తాడును మధ్యలో మడిచి, ఆ మడతను మాత్రమే చుట్ల కింద దూర్చండి. అవతల రెండు వేళ్ల వెడల్పు కనిపిస్తే చాలు.

ఎక్కువమంది మరిచేది దీని తర్వాతిది. మూట పైకి చేరగానే, పైకి లాగిన తాడును స్తంభం కొక్కేనికి గట్టిగా చుట్టేయాలి. అది వదులుగా ఉంటే ముడి ఎంత బాగున్నా మూట కిందికే వస్తుంది. కొక్కెం లేకపోతే ఇంకొకరు ఆ తాడును బిగువుగా పట్టుకోవాలి. ఆ తర్వాతే కింది తాడును ఒక్క కుదుపుతో లాగాలి. మెల్లగా లాగితే మడత ఇరుక్కుంటుంది.

ముందుగా మూటను మనిషి ఎత్తులో ఆపి, లాగే పిల్లవాడి చేతే లాగించి చూడండి. విచ్చుకుంటే మళ్లీ మడిచి కట్టండి.

సెల్యూట్ ఆర్డర్ జెండా పూర్తిగా విచ్చుకున్నాకే ఇవ్వండి.