నాకు చీర పెట్టారు, తనకి పెట్టలేదు

ప్రశ్న: మేడమ్, మాది కోనసీమలో కాలవ గట్టు మీద చిన్న ఊరు. నాకు 36, తనకి 34, ఇద్దరం ఆడవాళ్ళమే. రాజమండ్రిలో కుట్టు నేర్చుకునేటప్పుడు పరిచయమయ్యాం. ఇప్పుడు మా ఊళ్ళోనే టైలరింగ్ షాపు పెట్టుకుని, రెండు గేదెల్ని మేపుకుంటూ ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆలుమగలు ఎలా ఉంటారో అలాగే. అమ్మకి తెలుసు. ఏమీ అనదు, తనకిష్టమని గోంగూర పచ్చడి విడిగా తీసి పెడుతుంది కూడా. మొన్న అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్‌కి జాకెట్లన్నీ కుట్టింది తనే, పొద్దుటి నుంచీ వంటల దగ్గర నిలబడింది తనే, తీరా బట్టలు పెట్టేటప్పుడు వదిన నాకు చీర పెట్టి, తనని దాటి పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి తను అన్నం తినలేదు. అన్నయ్యేమో విశాఖలో డాక్టరుకి చూపిస్తే మారతావంటాడు. తన వాళ్ళు వచ్చి లాక్కుపోతామని ఫోన్లో బెదిరిస్తున్నారు. అమ్మ నా పేరున రాసిన అర ఎకరం నా తర్వాత తనకి దక్కుతుందా? ఒక పాపని పెంచుకోగలమా? ఊరు మమ్మల్ని ఎప్పటికైనా ఒప్పుకుంటుందా?
(పేరు వద్దు)

జవాబు: మీ ఉత్తరం చదివాక ఆ చీర సంగతే మనసులో ఉండిపోయింది. ఎవరు మనవాళ్ళో మన ఊళ్ళల్లో తేలేది బట్టలు పెట్టేటప్పుడు, బొట్టు పెట్టి పిలిచేటప్పుడే కదా. పొద్దుటి నుంచీ చాకిరీ చేయించుకుని ఆ ఒక్క క్షణంలో పరాయిదాన్ని చేయడం చాలా తప్పు, ఆవిడ అన్నం తినకపోవడంలో వింతేమీ లేదు. ఇంకో శుభకార్యం రాకముందే అమ్మని ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పండి: "నాకు పెట్టే చోట తనకీ పెట్టండి, పిలిస్తే ఇద్దర్నీ పిలవండి, లేకపోతే నేనూ రాను." గొడవ పడకుండానే, గట్టిగా. పచ్చడి తీసి పెట్టే మనిషికి మీరిద్దరూ ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు, నలుగురి ముందు మీ పక్కన నిలబడే ధైర్యమే ఆమెకి లేదు. అది మీరు ముందు చూపిస్తేనే ఆమెకీ వస్తుంది.

డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళకండి. ఇది జబ్బు కాదు, మందూ లేదు. మార్చేస్తామంటూ వైద్యం చేయడం వృత్తి నియమాలకి విరుద్ధమని డాక్టర్ల వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది, ఆ మాట అన్నయ్యకి చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే అది వేరే సంగతి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఆ బెదిరింపులు, వాటిని తేలిగ్గా తీసుకోకండి. ఇద్దరు మేజర్లు, ఇద్దరూ ఆడవాళ్ళైనా మగవాళ్ళైనా, ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి దాదాపు ఇలాంటి కేసే వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నంలో ఇంట్లో పెట్టేస్తే రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెప్పించమనే పిటిషన్) వేసింది, ఎవరితో ఉండాలో ఆ అమ్మాయి ఇష్టం, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని కోర్టు చెప్పింది. అందుకని ఆవిడ చేత "నా ఇష్టంతోనే ఇక్కడ ఉంటున్నాను, నన్నెవరైనా తీసుకెళ్తే అది బలవంతమే" అని రాయించి, తేదీ వేసి సంతకం పెట్టించండి, ఫోన్లో వీడియో కూడా తీయండి. ఒక కాపీ లాయరు దగ్గర ఉంచండి. డబ్బుల గురించి భయం వద్దు, ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్ళకి ఉచితంగా లాయర్ని ఇస్తారు, న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

పొలం విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇలాంటి పెళ్ళిళ్ళకి చట్టబద్ధత ఇవ్వలేమంది, కాబట్టి వీలునామా లేకుండా మీకేమైనా అయితే ఆ అర ఎకరం అమ్మకి, అమ్మ లేకపోతే అన్నయ్య వైపుకి పోతుంది, తనకి సెంటు కూడా రాదు. తన పేరున వీలునామా రాయండి. ఇద్దరు సాక్షులు కావాలి, తను మాత్రం సాక్షి సంతకం పెట్టకూడదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి, రేపు అన్నయ్య దొంగ సంతకం అనే అవకాశం తగ్గుతుంది. బ్యాంకులో జాయింటు ఖాతా తెరవచ్చని, నామినీగా ఒకరినొకరు పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డుకి ఇలాంటి జంటల్ని ఒకే ఇంటివాళ్ళుగా చూడమని రాష్ట్రాలకీ చెప్పారు. సచివాలయంలో ఆ సంగతి విననే లేదంటారేమో, ఆ ప్రకటన ప్రింటు తీసి వెంట తీసుకెళ్ళండి.

పాప గురించి ఉన్నదున్నట్టు చెప్తాను, మీకు బాధ కలిగినా సరే. జంటగా దత్తత తీసుకునే వీల్లేదు. ఒంటరి మహిళకి అవకాశం ఉంది గానీ, పెళ్ళి కాకుండా తోడుతో కలిసి ఉంటున్నవాళ్ళకి అది కూడా వద్దని దత్తత వ్యవహారాలు చూసే కారా సంస్థ 2022లో సర్క్యులర్ ఇచ్చింది. ఇంటికొచ్చి చూసే అధికారి దగ్గర తనని దాచిపెట్టి పాపని తెచ్చుకోకండి, ఎప్పుడో బయటపడితే పాప బతుకే చిక్కుల్లో పడుతుంది, ముందు లాయరుతో మాట్లాడండి. ఐవీఎఫ్ అయితే 21 నుంచి 50 ఏళ్ళ ఒంటరి మహిళకి చట్టం ఒప్పుకుంటుంది. మీ ఇద్దర్లో కన్న ఆవిడే చట్టం దృష్టిలో తల్లి, రెండో ఆవిడకి ఏ హక్కూ ఉండదు కాబట్టి బిడ్డకి గార్డియన్‌గా ఆ రెండో ఆవిడ పేరు వీలునామాలో రాసి తీరాలి. ఇది అన్యాయమనే నేనంటాను, చట్టం మారాలి.

ఊరంటారా, మీ దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళకి ఈపాటికి తెలిసే ఉంటుంది, తెలిసే వస్తున్నారు. అందరూ ఒకేసారి ఒప్పుకోరు, ఒక్కో ఇల్లే దగ్గరవుతుంది. పెద్దమనుషుల పంచాయితీకి మాత్రం ఎవరు పిలిచినా వెళ్ళకండి, మీ కాపురం మీద తీర్పు చెప్పే హక్కు వాళ్ళకి మీరే ఇచ్చినట్టవుతుంది. వీలునామా పని ఈ వారంలోనే మొదలుపెట్టండి, అమ్మ ఏమందో నాకు రాయండి.