ఎండిన వంకలో కంకర తవ్వాలంటే ముందు ఏం చూడాలి?

వంక మూడేళ్లుగా పారలేదు, చేని బాటకు పది ట్రాక్టర్ల కంకర కావాలి, గుంత ఎక్కడ తీయాలి అని అడిగారు. మాది అనంతపురం వైపు. మా చేని పక్క వంకలో తప్పు చోట తవ్వి నష్టపోయినవాళ్లం కాబట్టి చెబుతున్నాను, అసలు గుంతే తీయకండి. దిబ్బ మీద పైపైన గీకి తీసుకోండి.

వంక మలుపు తిరిగేచోట, బయటి గట్టు కింద కంకర శుభ్రంగా కనబడింది. అక్కడే ఆరడుగులు తీశాం. మరుసటి ఏడు అక్టోబరులో ఒక రాత్రి వంక వచ్చింది. నీళ్లు గుంతలోకి దూకుతూ దాని పై అంచును కోసుకుంటూ ఎగువకు పోయాయి. తెల్లారి చూస్తే గట్టు మీది వేపచెట్టు వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. గుంత నిండింది, కానీ కంకరతో కాదు, ఒండ్రుతో. అది ఎండి పలకలుగా పగిలింది. తర్వాత వానలకు అక్కడ నీళ్లు రోజుల తరబడి నిలిచాయే గానీ ఇంకలేదు.

మలుపు లోపలి వైపు చూడండి. నీటి వేగం తగ్గి వంక తనంతట తానే రాళ్లు దించిపోయిన దిబ్బ ఉంటుంది. మళ్లీ పారినప్పుడు కంకర వచ్చి చేరేదీ అక్కడికే. మూడు నాలుగు చోట్ల గడ్డపారతో మోకాటి లోతు తవ్వి పొరలు చూడండి. పిడికెడు గాజు సీసాలో వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి రాత్రంతా కదల్చకుండా ఉంచండి. రాళ్లూ ఇసుకా అడుగున, మట్టి పైన పేరుకుంటాయి. బాటకు కొంచెం మట్టి ఉంటేనే పట్టు. కాంక్రీటుకైతే ఆ మట్టి పనికిరాదు.

తవ్వేకొద్దీ రంగు ముదిరి, కంకర చేతికి చల్లగా తగిలే చోటు వస్తుంది. అక్కడ ఆగిపోండి. మా అవ్వవాళ్లు ఎండాకాలంలో చెలమ తీసి నీళ్లు తోడింది ఆ పొరలోంచే. గట్టు మీది బావులకు ఊటా అదే. పైకి ఎండినట్టు కనబడే వంక అడుగున నీళ్లు దాచుకుని ఉంటుంది, దయచేసి దాన్ని తెరవకండి.

వంక మీ చేను మధ్యనే పారుతున్నా రికార్డులో పోరంబోకు అయ్యుండవచ్చు, ముందు అది చూసుకోండి. 1957 నాటి గనుల చట్టంలో కంకర కూడా చిన్న తరహా ఖనిజమే. ఐదు హెక్టార్ల లోపు తవ్వకాలకూ పర్యావరణ అనుమతి కావాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తహసీల్దారు ఆఫీసులో, గనుల శాఖలో అడిగాకే పార పట్టండి. వంతెనలు, చెక్‌డ్యాముల దగ్గర ఇసుక తీయకుండా వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) నిబంధనలు పెట్టిన 500 మీటర్ల దూరాన్ని కంకరకూ పాటించండి.

జేసీబీని రాత్రి వంకలో వదలొద్దు. మన దగ్గర చినుకు లేకున్నా ఎగువ వానకు వంక వచ్చేస్తుంది. 2021 నవంబరులో చిత్రావతి నది వరదలో జేసీబీ మీద చిక్కుకున్నవాళ్లను వాయుసేన హెలికాప్టర్ వచ్చి కాపాడింది. తీసిన చోటు అంచులు నిటారుగా ఉంచకుండా, మేకపిల్ల కూడా ఎక్కి రాగలిగేంత వాలుగా సర్దండి. నీళ్లు నిలిస్తే ముందు దిగేది పిల్లలే.