వృద్ధాశ్రమం కడుతున్న అమ్మాయికి

చి. సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కావలి దగ్గర నలభై మందికి వృద్ధాశ్రమం ప్లాన్ గీసే పని నీకు వచ్చిందని మీ నాన్న చెప్పాడు. ఈ జిల్లాలో ఆసుపత్రులు, హాస్టళ్లు, బడులు కట్టించినవాణ్ణి కాబట్టి, నువ్వు గీతలు మొదలుపెట్టక ముందే నాలుగు మాటలు రాయాలనిపించింది. గదుల లెక్క, మంచాల లెక్క నీకు నేను చెప్పనక్కరలేదు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో స్థిరపడగా, ఉన్న ఊరు వదిలి అక్కడికి చేరే పెద్దవాళ్ల మనసుకు ఆ భవనం ఏ మేరకు ఆసరా అవుతుందన్నదే నా ఆలోచన. ఒంటరిగా ఉండాలన్నా నలుగురిలో కూర్చోవాలన్నా ఆ నిర్ణయం ఎప్పటికప్పుడు వాళ్లే చేసుకోగలిగేలా కట్టు.

సాధారణంగా ఇటువంటి చోట్ల పొడవాటి నడవా, దానికి రెండు వైపులా గదుల తలుపులు, చివర టీవీ పెట్టిన పెద్ద హాలు ఉంటాయి. ఆ నడవాలో పగలు కూడా లైటు వేయాలి. తలుపు మూస్తే పూర్తిగా ఏకాంతం, తెరిచి హాలుకు వెళితే పూర్తిగా గుంపు. ఈ రెండింటికీ మధ్య కూర్చునే చోటే ఉండదు. మన పల్లెల్లో ఆ చోటు అరుగు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు. వీధిన పోయే పాలవాణ్ణి, బడి పిల్లలను చూస్తూ ఉంటాడు, బుద్ధి పుడితే పలకరిస్తాడు, విసుగు పుడితే లేచి లోపలికి పోతాడు. కాబట్టి గదులను ఒక వరసలోనే పెట్టి, వాటి ముందు ముంగిలి వైపు తెరుచుకున్న వసారా వేసి, ప్రతి తలుపు పక్కనా ఇద్దరు కూర్చునేంత అరుగు కట్టు. స్థలం వృథా అని యజమానులు అంటారు. అక్కడ గట్టిగా నిలబడు.

కూర్చునే తీరు కూడా ముఖ్యం. 1950ల్లో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక వృద్ధుల వార్డులో కుర్చీలన్నీ గోడ వారన వరసగా ఉండేవి. రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వవేత్త వాటిని చిన్న బల్లల చుట్టూ వేయించి గమనిస్తే, అంతకుముందు మౌనంగా ఉండే వృద్ధుల మధ్య మాటలు బాగా పెరిగాయి. అందుకే ఒక్క పెద్ద హాలు బదులు, నలుగురైదుగురు ఎదురెదురుగా కూర్చునే చిన్న చావళ్లు మూడు పెట్టు.

కిటికీల సంగతికి వస్తే, పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది వివరాలను రోజర్ ఉల్రిచ్ పరిశీలించి 1984లో ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఇటుక గోడ కనిపించిన వాళ్ల కన్నా కొంత ముందుగా ఇల్లు చేరారు, ఘాటైన నొప్పి మందులు తక్కువగా వాడారు. చెట్టు పెంచితే చాలదు, అది మంచం మీద ఉన్న మనిషికి కనిపించాలి. కిటికీ కింది అంచు మూడున్నర అడుగుల ఎత్తున పెడితే పడుకున్నవాళ్లకు ఆకాశం ముక్కే మిగులుతుంది. రెండడుగులకు దించి గ్రిల్ పెట్టు. ఎదురుగా వేప, గానుగ నాటించు, కిటికీకి దగ్గరగా నందివర్ధనం, మల్లె వేయించు.

వేసవిలో పడమటి వడగాలి మన దగ్గర ఎంత బాధిస్తుందో నీకు తెలుసు. ఉక్కపోతలో నిద్ర లేక మనసు చిరాకుపడుతుంది, చీటికీ మాటికీ తగువులు వస్తాయి. పడమర వైపు స్నానాల గదులు, సామాన్ల గది పెట్టి, వసారాలు తూర్పుకు తిప్పితే మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి అందుతుంది, ఉదయపు ఎండా తగులుతుంది. శరీరంలోని నిద్ర గడియారం ఆ ఉదయపు వెలుతురుతోనే సర్దుకుంటుంది. మనకు అసలు వానలు ఆశ్వయుజ కార్తీకాల్లోనే కనుక, ఈశాన్యపు జల్లు లోపలికి కొట్టకుండా చూరు బాగా ముందుకు తియ్యి.

యజమానులు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేద్దామంటారు. మన జిల్లాల రాయి, దేశదేశాలకు పోతుంది, గర్వపడదగినదే. అయినా పెద్దవాళ్లు నడిచే నేలకు నున్నటి నల్ల రాయి వద్దు. తడి తగిలితే జారుతుంది, దీపాల వెలుతురు కళ్లలో కొడుతుంది, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు నల్లటి పట్టీ గుంటలా కనిపించి అడుగు వేయడానికే భయపడతారు. గరుకైన లేత రంగు నేల వేసి, గోడ రంగు దానికి భిన్నంగా ఉంచు. ర్యాంపు వాలు పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించనీయకు. మరుగుదొడ్డి తలుపు బయటికే తెరుచుకోవాలి, లోపలికి తెరుచుకునేదైతే లోపల ఎవరైనా పడినప్పుడు వాళ్లే అడ్డమై తలుపు తెరుచుకోదు.

స్థలం జాతీయ రహదారికి ఎంత దూరమో మీ నాన్న చెప్పలేదు. తీరం వెంబడి రహదారీ రైలుమార్గమూ రెండూ ఉన్నాయి కాబట్టి, రాత్రి అక్కడ నిలబడి విను. నివాస ప్రాంతాల్లో రాత్రి ధ్వని 45 డెసిబెళ్లు దాటకూడదని ప్రభుత్వ నియమం. మోత ఎక్కువగా ఉంటే పడక గదులను రోడ్డుకు దూరంగా జరిపి వంటశాల, ఆఫీసు అటు పెట్టు.

ఒక విషయం యజమానులు నీతో మాట్లాడరు. అక్కడ మరణాలు సంభవిస్తాయి. శవాన్ని వెనక గుమ్మం నుంచి రాత్రికి రాత్రే పంపేసే చోట, మిగిలినవాళ్లు తమ వంతు కూడా అంతేనని కుమిలిపోతారు. ముందు వసారాను తోటివాళ్లంతా వచ్చి దండ వేసి దణ్ణం పెట్టుకునేంత విశాలంగా ఉంచు, వాకిలి కూడా అంత వెడల్పు పెట్టు. చూడలేని వాళ్లు తమ గదిలో ఉండిపోయే వీలూ ఉండాలి.

ప్రతి గదికీ లోపలి గడియ పెట్టు, అవసరమైతే సిబ్బంది బయటి నుంచి తీయగలిగే రకానిది. ఇంటి నుంచి తెచ్చుకున్న దేవుడి పటానికి ఒక గూడు, ఫొటోలకు మేకులు కొట్టుకోగల గోడ, ఒక తాళం పెట్టె ఉండాలి. గీయడం మొదలుపెట్టే ముందు, నడుస్తున్న ఆశ్రమం ఒకదానిలో పొద్దుటి నుంచి రాత్రి వరకు కూర్చుని, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో రాసుకో. తొలి ప్లాన్ సిద్ధమైతే నాకు పంపు. పడమటి గోడ, మరుగుదొడ్ల తలుపులు ముందుగా చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న