అక్క మీటింగ్ పెడితే చెల్లెలే వెక్కిరించింది

ప్రశ్న: మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి, స్కూల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో పాట్రోల్ లీడర్, అంటే ఒక చిన్న జట్టుకి నాయకురాలు. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలకి శనివారం మీటింగ్ నువ్వే నడపాలని వాళ్ల గైడ్ కెప్టెన్ మేడమ్ అప్పజెప్పారు. తడబడకుండా మాట్లాడుతుందని నేనే కూర్చుని రెండు పేజీలు రాసిచ్చాను. మొదటి రోజే పిల్లలు ఒకటే గోల, మధ్యలో మేడమ్ విజిల్ వేసి తనే అందుకున్నారట. మా చిన్నది కూడా ఆ గుంపులోనే ఉంది. ఇంటికొచ్చి వాళ్ల నాన్న ముందు అక్క ఎలా మాట్లాడిందో చేసి చూపించి నవ్వింది. పెద్దది గదిలోకెళ్లి తలుపేసుకుంది, ఇక వెళ్లనంటోంది. వచ్చే ఏడు టెన్త్, ఎలాగూ మానేయడమే మంచిది అంటున్నారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: మానిపించకండి. కనీసం ఈ వారం వద్దు.

ముందు ఆ రెండు పేజీల సంగతి. ఏమీ అనుకోకండి, సగం గొడవ అందులోనే ఉంది. వారమంతా బెంచీల మీద కూర్చుని శనివారం గ్రౌండ్‌లోకి వచ్చిన పదకొండేళ్ల పిల్లలు, కాగితం చూసి చదివే అక్క మాట ఎందుకు వింటారు, వాళ్ల టీచర్లు చదివితేనే వినరు కదా. పైగా అవి మీ మాటలు, ఆ పిల్ల మాటలు కావు. ఎక్కడ ఆపాలో, ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే ఏం చెప్పాలో దానికి తెలిసే వీలే లేదు. వచ్చేసారి ఏం చేయాలో తననే రాసుకోనివ్వండి, నాలుగు ముక్కలైనా సరే. మీరు చూసి దిద్దడం కూడా వద్దు, తనంతట తను అడిగితే తప్ప.

రెండోది, ఆ రోజు ఎంతమంది పిల్లలున్నారో కనుక్కోండి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లని నడపడమన్నది మేడమ్‌కి తీరిక లేక పెట్టిన ఏర్పాటు కాదు, స్కౌటింగ్ పుట్టిందే దాంతో. 1907లో దాన్ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంప్ పెట్టినప్పుడు సుమారు 20 మంది అబ్బాయిల్ని 4 పాట్రోళ్లుగా విడదీసి, ఒక్కోదానికి ఒక కుర్రాణ్ని లీడర్‌ని చేశాడు. అంటే ఒక్కొక్కరి కింద నలుగురైదుగురు. మన దగ్గర కూడా పాట్రోల్ అంటే ఆరు నుంచి ఎనిమిది మందే, లీడర్‌కి తోడుగా, తను లేనప్పుడు నడపడానికి సెకండ్ అని ఇంకో అమ్మాయి ఉంటుంది. మరి మీ అమ్మాయి ముందు ముప్పై మందిని కూర్చోబెట్టి గంటసేపు నడపమంటే అది ఆ పిల్ల చేతకానితనం కాదండీ, లెక్క తప్పడం. అలా జరిగి ఉంటే సెకండ్‌ని పక్కన పెట్టుకుని, ఒక్క ఆట ఆడించడమో, ఒక్క ముడి నేర్పడమో, పావుగంట పని మాత్రం తీసుకోమనండి. మిగతాది మేడమ్ చూసుకుంటారు. తర్వాత మెల్లగా పెంచుకోవచ్చు.

ఈ పేరా అమ్మాయికి చూపించండి. చూడమ్మా, మాటతో మొదలుపెట్టకు, ఆటతో మొదలుపెట్టు. పిల్లల్ని వరసల్లో కాదు, గుండ్రంగా కూర్చోబెట్టు, అప్పుడు వెనక కూర్చుని గిల్లుకునేవాళ్లు ఉండరు. రీఫ్ నాట్ లాంటి ముడి నేర్పుతుంటే ఒక్కొక్కళ్ల చేతిలో ఒక్కో తాడు ఉండాలి, ఒకే తాడు నువ్వు పట్టుకుని చూపిస్తుంటే మూడో నిమిషంలో చెయ్యి జారిపోతారు. గోల మొదలైతే గొంతు పెంచకు, ఓడిపోతావు. చెయ్యెత్తి ఊరికే నిలబడు, చూసినవాళ్లు కూడా చెయ్యెత్తాలని ముందే చెప్పి ఉంచు. అందరికంటే ఎక్కువ అల్లరి చేసేదాన్ని తాళ్లు పంచమను. ఆట మంచి ఊపు మీద ఉన్నప్పుడే ఆపేయి, వచ్చే శనివారం ఎప్పుడా అని వాళ్లే చూస్తారు. ఇంకొకటి, ఎవరికైనా దెబ్బ తగిలినా, ఎవరైనా పిల్ల నిన్ను పక్కకి పిలిచి ఇంట్లో కొడుతున్నారనో, ఎవరో ఇబ్బంది పెడుతున్నారనో చెప్పినా, ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకు. వెంటనే మేడమ్‌కి చెప్పు. అది నీ ఒక్కదానివల్ల అయ్యే పని కాదు, నీ మీద వేసుకోవాల్సిన పనీ కాదు.

ఇక మేడమ్ విజిల్ సంగతి. ఆవిడ దగ్గరుండి చూడాల్సిందే, అందులో తప్పు లేదు, పిల్లల్ని పిల్లలకి వదిలేసి స్టాఫ్‌రూమ్‌కి వెళ్లిపోతే అదీ మీరు ఒప్పుకోకూడదు. కానీ అందరి ముందూ మధ్యలో లాక్కుంటే ఆ తర్వాత ఆ పిల్లలు అక్కని లెక్కచేయరు. ఈ మాట మీరు ఫోన్ చేసి చెప్పొద్దు, అమ్మాయినే అడగమనండి: "నేను సైగ చేస్తే రండి మేడమ్, అప్పటిదాకా నన్నే చూసుకోనివ్వండి." పాట్రోల్ లీడర్లూ కెప్టెనూ కలిసి కూర్చునే కోర్ట్ ఆఫ్ ఆనర్ ఉంటుంది కదా, ఇలాంటివి మాట్లాడుకోవడానికి అదే సరైన చోటు. ఇంకో లీడర్‌కీ ఇదే బాధ ఉందని అక్కడ తెలిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

చిన్నదాన్ని తిట్టకండి. కాకపోతే ఒక్క మాట గట్టిగా చెప్పండి, గ్రౌండ్‌లో జరిగింది ఇంట్లో నాటకం వేసి చూపించకూడదని. మీరూ మీవారూ ఆ రోజు నవ్వారా? రాయలేదు మీరు. నవ్వి ఉంటే పెద్దది తలుపేసుకున్నది చెల్లెల్ని చూసి కాదు. కుదిరితే చిన్నదాన్ని వేరే పాట్రోల్‌లో వేయమని మేడమ్‌ని అడగండి, ఈ ఒక్క విషయం మీరే అడగొచ్చు. ఇంట్లో రోజూ దువ్వెన కోసం కొట్టుకునే అక్క దగ్గర శనివారం ఒక్కరోజు క్రమశిక్షణ చూపించమంటే ఏ చెల్లెలికైనా కష్టమే.

మీవారి భయం కొట్టిపారేసేది కాదు, టెన్త్ టెన్తే. అయితే ఇప్పుడు నడుస్తున్నది తొమ్మిది. వచ్చే ఏడు ప్రీఫైనల్స్ దగ్గరపడ్డాక పని సెకండ్‌కి అప్పగించి పక్కకి తప్పుకోవచ్చు, సెకండ్ ఉండేదే అందుకు. ఆయనకి అలా చెప్పి చూడండి. ఇంకో నాలుగైదు శనివారాలు చేశాక కూడా వద్దనే అంటే బలవంతం చేయకండి, అందరికీ ఈ పని నచ్చాలని లేదు. కాకపోతే ఆ మాట మేడమ్‌కి తనే వెళ్లి చెప్పాలి, మీ చేత చీటీ రాయించుకుని కాదు.